నైట్ డ్యూటీ అందరికీ వంతులేనా, ఒప్పుకున్నవాళ్ళకే అప్పగించాలా?

నాగావళి (చర్చ మొదలుపెట్టినవారు)

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పెద్దాసుపత్రుల్లో పనిచేసే మన తెలుగువాళ్ళ మధ్య తెగని వాదన ఇది. నర్సులకి, అటెండర్లకి, ల్యాబ్ వాళ్ళకి అందరికీ నెలనెలా నైట్లు వంతులవారీగా వేయాలని కొందరంటారు. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ళకి అలవెన్సు ఎక్కువిచ్చి వాళ్ళనే పర్మనెంట్ నైట్‌లో పెట్టేస్తే మిగతావాళ్ళు పగలు చేసుకుంటారని ఇంకొందరంటారు. ఏది న్యాయం? కోపతాపాలు పక్కనపెట్టి లెక్కతో, కారణంతో రాయండి. షిఫ్టులు పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8 అనుకుని మాట్లాడదాం.

వంశధార

నా ఓటు వంతులకే. లెక్క చూడండి. 30 బెడ్ల జనరల్ వార్డు తీసుకుందాం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొలత ప్రకారం షిఫ్టుకి మామూలు ఆసుపత్రిలో ఐదుగురు రోగులకి ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు, ఐసీయూలో ఒకరికొకరు ఉండాలి. ఐదుగురికి ఒకరనే అనుకుందాం. షిఫ్టుకి ఆరుగురు, మూడు షిఫ్టులకి 18 మంది. సెలవుల కోసం 30 శాతం కలిపితే 24 మంది. నెలకి 30 రాత్రులు, రాత్రికి ఆరుగురు, అంటే 180 నైట్లు. 24 మందికి పంచితే తలా ఏడున్నర. మోయగలిగిన బరువే.

వార్డులో జరిగేది వేరు. ఇద్దరు చంటిపిల్లల తల్లులు, ఒకరికి నడుంనొప్పి, ముగ్గురు రిటైర్మెంటుకి దగ్గరపడ్డారు. ఆరుగురినీ తప్పించారు. 18 మంది మిగిలారు, తలా 10 పడ్డాయి. స్టాకు రిజిస్టరు రాయాలనో, పైనుంచి ఎవరో చెప్పారనో ఇంకో నలుగురు తప్పుకున్నారు. మిగిలింది 14 మంది, తలా 13కి దగ్గర. మొదటి ఆరుగురి కారణాలు న్యాయమైనవే. కానీ ఆ పది మంది బరువూ ఈ 14 మంది మీదే పడిందని ఏ కాగితం మీదా కనబడదు. కొట్లాటలు అక్కడే మొదలవుతున్నాయి.

మహేంద్రగిరి

వంశధార గారూ, మీ లెక్కనే తీసుకుని అవతలి వైపు నుంచి చూపిస్తాను. వార్డంతా పర్మనెంట్ నైట్‌కి మారక్కర్లేదు. 24 మందిలో నలుగురు ఒప్పుకుని నెలకి 15 చొప్పున చేస్తే 60 నైట్లు పోయాయి. మిగిలిన 120 ఇరవై మందికి పంచితే తలా ఆరు. ఏడున్నర కాస్తా ఆరైంది, ఎవరికీ నష్టం లేదు.

నలుగురు దొరుకుతారా అంటారేమో. మన సరిహద్దు సంగతి ఆలోచించండి. ఇచ్ఛాపురం నుంచో, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచో బరంపురం వచ్చిపోయేవాళ్ళు తక్కువ కాదు. మధ్యాహ్నం డ్యూటీ దిగేసరికి రాత్రి 8 అవుతుంది. హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి ఎనిమిదిన్నర. హైవే మీద బస్సు దొరికినా లోపలి ఊరికి ఆటో ఉండదు. నైట్ డ్యూటీకైతే సాయంత్రం వెలుతురుండగానే బయల్దేరొచ్చు, తెల్లారాక ఇంటికెళ్ళొచ్చు. దూరం నుంచి వచ్చే ఆడవాళ్ళకి భయం నైట్ కంటే ఆ మధ్యాహ్నం షిఫ్టుతోనే ఎక్కువ. ఈ మాట రోస్టర్ (డ్యూటీల పట్టీ) వేసేవాళ్ళు ఎప్పుడైనా అడిగారా? ఒప్పుకున్నవాళ్ళకి ఇవ్వకుండా అందరికీ ఒకే గానుగ కట్టడం సమానం కావచ్చు, న్యాయం ఎలా అవుతుంది?

వంశధార

మధ్యాహ్నం షిఫ్టు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. దానికి మందు షిఫ్టు దిగే టైముకి ఆసుపత్రి బండి. రాత్రి ఎనిమిదిన్నరకి ఒక ట్రిప్పు వేస్తే తీరిపోయే కష్టానికి మనిషిని ఏళ్ళ తరబడి నిద్రకి దూరం చేయక్కర్లేదు.

పర్మనెంట్ నైట్‌కి శరీరం అలవాటు పడుతుందనుకుంటాం. ఆఫ్ రోజుల్లో పిల్లల కోసం, పెళ్ళిళ్ళ కోసం మళ్ళీ పగటి మనిషి అయిపోతారు. వారానికోసారి గడియారం తలకిందులవుతూనే ఉంటుంది. రాత్రి పనితో శరీర గడియారం చెదిరిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో చేర్చింది, 2019లో మళ్ళీ పరిశీలించి అక్కడే ఉంచింది. తెల్లవారుజాము 3 నుంచి 5 మధ్య మనిషి చురుకు అట్టడుగుకి పోతుంది. ఇన్సులిన్ యూనిట్లు తప్పడం, పక్క బెడ్ శాంపిల్ మీద ఈ బెడ్ పేరు రాయడం లాంటివి జరిగే వేళ అదే.

ఇంకో రెండు నష్టాలు. ఏడాదంతా రాత్రే చేసేవాళ్ళు పెద్ద డాక్టర్ల రౌండ్స్ చూడరు, కొత్త మిషన్ మీద ట్రైనింగ్ పగలు జరుగుతుంది కాబట్టి అదీ అందదు. ప్రమోషన్ నాటికి వాళ్ళ పనేంటో చెప్పేవాళ్ళుండరు. రెండోది, పగలు ఖాళీ కదా అని ప్రైవేటు నర్సింగ్ హోంలో ఇంకో డ్యూటీ ఒప్పుకుంటారు. అప్పుడిక నిద్రే లేదు. చాలామంది 'ఇష్టపడి' ఒప్పుకునేది ఇంటి అప్పు కోసమే.

తప్తపాణి

ఇద్దరూ నర్సుల దగ్గరే ఆగిపోయారు. రోస్టర్‌లో ఎక్కడా కనబడని నైట్ డ్యూటీ ఒకటుంది. గజపతి జిల్లా, గుణుపురం వైపు నుంచి వచ్చే రోగుల్లో సవర తప్ప వేరే భాష రానివాళ్ళుంటారు. రాయగడ వైపు కువి. అర్ధరాత్రి కాన్పుకి వచ్చిన మనిషికి నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో అడగాలంటే ఆ భాష తెలిసిన ఒక్క అటెండర్‌ని లేబర్ రూమ్‌కి, అక్కడినుంచి క్యాజువాల్టీకి, మళ్ళీ పిల్లల వార్డుకి తిప్పుతారు. అతని సొంత వార్డులో ట్రాలీ తోసే పని అలాగే ఉంటుంది. పొద్దున ఇన్‌చార్జ్ సిస్టర్ చేత మాటపడేదీ అతనే. భాష రావడం నైపుణ్యం. పిలిచిన ప్రతిసారీ రిజిస్టర్లో టైము రాసి, దానికి అలవెన్సు కట్టి, ఆ గంటలు సొంత వార్డు పని నుంచి తీసేయాలి. రోస్టర్లు, సర్క్యులర్లు ఇంగ్లీషులోనో ఒడియాలోనో అంటిస్తారు. ఒడియా మాట్లాడ్డం వచ్చినా చదవడం రాని తెలుగు సఫాయి కార్మికులు తమ డ్యూటీ ఎప్పుడో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. తెలుగులో ఒక కాగితం అంటిస్తే ఖర్చేముంది?

బహుదా

తప్తపాణి గారు ఎత్తిన మాటని కొనసాగిస్తాను. 2022 అక్టోబరులో ఒడిశా ప్రభుత్వం కాంట్రాక్టు నియామకాల పద్ధతి ఎత్తేసి 57 వేల మందికి పైగా రెగ్యులర్ చేసింది. ఏజెన్సీల ద్వారా వచ్చిన సఫాయి, సెక్యూరిటీ, అటెండర్లు ఆ లెక్కలోకి రాలేదు. అదే రాత్రి, అదే వార్డు, నైట్ అలవెన్సు మాత్రం ఒకరికే.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు పడాలి, ఓవర్‌టైముకి రెట్టింపు ఇవ్వాలి, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించి తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవాలి. 'అది ఏజెన్సీ సంగతి, మాకు సంబంధం లేదు' అనే మాట ఇక చెల్లదు. ఆసుపత్రి అకౌంట్స్ సెక్షన్ చేయాల్సిన పని ఒక్కటే. గత నెల పీఎఫ్ చలానా, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) చలానా, ఒక్కొక్కరి ఖాతాలో పడిన జీతం బ్యాంకు స్టేట్‌మెంటు, ఈ మూడూ జతచేయకపోతే ఈ నెల బిల్లు పాస్ చేయకూడదు. చలానాలో ఎంతమంది పేర్లున్నాయో, హాజరు పట్టీలో ఎంతమంది ఉన్నారో పక్కపక్కన పెట్టి చూడాలి. 60 మంది పనిచేస్తుంటే 41 పేర్లకే పీఎఫ్ కట్టి ఉంటే దొంగతనం అక్కడే దొరుకుతుంది. ఈఎస్ఐలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. రెండూ కలిపి కూలీ జీతంలోంచే కోస్తున్నారేమో పే స్లిప్పులో చూసుకోండి.

సూది గుచ్చుకోవడం సంగతి కూడా చెప్పాలి. ప్లాస్టిక్ చెత్త వేసే ఎర్ర సంచిలో సూదులు కలిసిపోతే గుచ్చుకునేది సంచి ఎత్తేవాళ్ళకే. సూదులు తెల్ల డబ్బాలోనే వేయాలి, ముప్పావు వంతు నిండగానే మూత బిగించాలి. గుచ్చుకుంటే సబ్బు నీళ్ళతో కడగాలి, పిండకూడదు. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందు మొదటి డోసు వీలైతే 2 గంటల్లో పడాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు, 28 రోజులు వాడాలి. మరి ఆ మందు ఉన్న గదికి రాత్రి పూట తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుంది? మొదటి డోసు క్యాజువాల్టీలోనే పెట్టాలి, అక్కడి నర్సుకి ఇచ్చే అధికారం రాతపూర్వకంగా ఉండాలి. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. ఏజెన్సీ మారినప్పుడల్లా కార్డులు మాయమై మళ్ళీ మొదటి డోసు దగ్గరికే వస్తున్నారు. ఆ కార్డు ఆసుపత్రి దగ్గర ఉండాలి.

రుషికుల్య

అందరివీ చదివాక నా అభిప్రాయం: వంతులే వేయాలి, కానీ పాయింట్లతో. ఇలాగ.

మామూలు రాత్రికి ఒక పాయింటు, ఆదివారం రాత్రికి ఒకటిన్నర, పండగ రాత్రికి రెండు. రోస్టర్ కాగితం మీద ప్రతి పేరు పక్కన రెండు గళ్ళు ఉండాలి, ఒకటి ఈ నెల పాయింట్లకి, ఇంకొకటి జనవరి నుంచి మొత్తానికి. ఆ రెండో గడి గోడ మీద కనబడితే వంశధార గారు చెప్పిన నలుగురు ఎవరో అందరికీ తెలిసిపోతుంది. రోస్టర్ 14 రోజుల ముందు పడాలి. పడ్డాక మారిస్తే ఎవరు, ఎందుకు మార్చారో ఎర్ర సిరాతో రాయాలి.

మినహాయింపు నోటిమాటగా ఇవ్వకూడదు. కాగితం మీద కారణం, ఎప్పటివరకో తేదీ ఉండాలి. ఆ తేదీ నాడు మళ్ళీ చూడాలి. మినహాయింపు ఉన్నవాళ్ళు నైట్ చేయకపోయినా ఆదివారం పగలు, పండగ పగలు ఎక్కువ తీసుకుంటే బరువు కొంత పంచుకున్నట్టే. చంటిబిడ్డ తల్లిని నైట్ నుంచి తప్పించారని తోటివాళ్ళు సాధించడం కూడా దీనితో తగ్గుతుంది.

షిఫ్టులు మారే వరుస పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని ముందుకే సాగాలి. వెనక్కి తిప్పితే నిద్ర పట్టదు. వరసగా మూడు నైట్లు దాటకూడదు, తర్వాత రెండు రోజులు ఆఫ్. పొద్దున 8కి నైట్ దిగినవాళ్ళని ఆ రోజే మధ్యాహ్నం 2కి రప్పించడం అసలు వద్దు. రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటలు. రాత్రి 8కి దిగి మర్నాడు 8కి ఎక్కితే కాగితం మీద 12 గంటలే, దూరం నుంచి వచ్చేవాళ్ళకి అందులో మిగిలే నిద్ర ఐదారు గంటలు.

ఇక పండగలు. మన సరిహద్దులో ఇది వరం లాంటిది. తెలుగువాళ్ళకి భోగి నుంచి కనుమ దాకా సెలవు కావాలి, ఒడియావాళ్ళకి జూన్‌లో రజ సంక్రాంతికి కావాలి. జనవరిలో వాళ్ళు, రజకి మనం చేస్తామని ఏడాది మొదట్లోనే రాసుకుంటే సగం గొడవలుండవు. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణీ యాత్ర (అమ్మవారి జాతర) వచ్చినప్పుడు మాత్రం సెలవు అందరికీ కావాలి, అక్కడ చీటీలే గతి.

ఒక హెచ్చరిక. సెలవుల కోసం ఇచ్చిన 30 శాతం మీద ఆశ పెట్టుకోకండి. 18 చోట్లు వారంలో ఏడు రోజులూ నిండాలంటే వారపు ఆఫ్‌కే 21 మంది కావాలి. అంటే 24లో మిగిలింది ముగ్గురు. ఒకరు 26 వారాల ప్రసూతి సెలవులో, ఒకరు డెప్యుటేషన్ మీద, ఒకరు జ్వరంతో ఉంటే ఇంకెవరూ లేరు. ఏ రోస్టరూ లేని మనిషిని పుట్టించలేదు. ఖాళీ పోస్టు నింపమని అడిగేటప్పుడు ఈ లెక్కనే సూపరింటెండెంట్ ముందు పెట్టండి.

మహేంద్రగిరి

రుషికుల్య గారి పాయింట్లకి నేను ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. ఇష్టంగా ఎక్కువ నైట్లు అడిగేవాళ్ళకి దారి మూసేయకండి. ఆరు నెలలకి సంతకం, నెలకి 12 దాటకుండా, ఆరు నెలల తర్వాత కనీసం రెండు నెలలు పగలు. ఆ పగటి నెలల్లో ట్రైనింగులు. వంశధార గారు భయపడిన నష్టాలు అప్పుడు చాలావరకు ఉండవు.

వంశధార

ఆరు నెలలకి ఒప్పుకోలేను. మూడు. డబ్బు అవసరం ఉన్నవాళ్ళు సంతకం పెట్టేస్తారు, ఆరు నెలలయ్యేసరికి వద్దని చెప్పే ఓపిక కూడా ఉండదు. ఎప్పుడైనా 15 రోజుల నోటీసుతో మానుకునే హక్కు ఆ కాగితంలోనే రాసి ఉండాలి. అలవెన్సు కూడా బహుదా గారు చెప్పినట్టు ఏజెన్సీ మనిషికీ రెగ్యులర్ మనిషికీ ఒకటే. లేకపోతే నైట్లన్నీ చవగ్గా దొరికేవాళ్ళ మీదకే జారిపోతాయి.

నాగావళి

ఒక సందేహం మిగిలింది. ఇద్దరు తమలో తాము డ్యూటీ మార్చుకుంటే పాయింటు ఎవరికి రాయాలి?

రుషికుల్య

చేసినవాళ్ళకే. రోస్టర్‌లో ఎవరి పేరుందన్నది చూడకూడదు. మార్పిడి రిజిస్టర్లో ఇద్దరి సంతకాలు, తేదీ, ఇన్‌చార్జ్ సంతకం. 11 గంటల విరామం తగ్గుతుంటే ఇన్‌చార్జ్ ఒప్పుకోకూడదు. ఒకే మనిషి నెలలో నాలుగుసార్లకి మించి ఇంకొకరి నైట్ తీసుకుంటుంటే పక్కన కూర్చోబెట్టి మెల్లగా అడగండి, డబ్బులిచ్చి చేయిస్తున్నారో, బెదిరించి చేయిస్తున్నారో బయటపడుతుంది.