అమోనియాలో సోడియం: లోహమయ్యేది ఒక్కసారిగానా, మెల్లగానా?

తార్నాక_కుర్రాడు: నిన్న హాస్టల్‌లో దీని మీద పెద్ద గొడవైంది. ద్రవ అమోనియాలో చిటికెడు సోడియం వేస్తే నీలం. వేస్తూ పోతే ఇత్తడి మెరుపు వచ్చి, లోహంలాగే కరెంటు పారుతుంది. ఇది ఒక్కసారిగా జరిగే మార్పని నా వాదన. భౌతిక శాస్త్రవేత్త నెవిల్ మోట్ చెప్పింది అదే కదా? సోడియం వదిలిన ఎలక్ట్రాన్లు ఒక హద్దు దాటి కిక్కిరిస్తే, ఇక ఏదీ ఒక్కచోట కూర్చోలేదు.

ల్యాబ్_బాబాయ్: బర్చ్ రియాక్షన్ (ద్రవ అమోనియాలో సోడియం వేసి చేసే ఒక రసాయన చర్య) చేసేటప్పుడు చూశాను, చెప్తా విను. డ్రై ఐస్ తొట్టిలో ఫ్లాస్క్. శనగగింజంత సోడియం పడగానే చుట్టూ నీలి దారాలు సాగాయి, కాసేపటికి ఫ్లాస్కంతా సిరా. ఒకసారి చెయ్యి జారి ఎక్కువ పడింది (మా గైడ్ పెట్టిన చీవాట్లు ఇంకా గుర్తే). పైన ఇత్తడి రంగు పొర తేలింది, కింద నీలం అలాగే ఉంది. మధ్యలో గీత గీసినట్టు!

తార్నాక_కుర్రాడు: చూశారా! గీత ఉందంటే ఒక్కసారిగానే కదా, బాబాయ్.

మెట్టుగూడ_ఫిజిక్స్: తొందరపడకు తమ్ముడూ. ఆ గీత రెండు ద్రవాలు విడిపోయినందుకు, నూనె నీళ్ల మీద తేలినట్టు. సోడియానికైతే అది దాదాపు -42 డిగ్రీల కిందే కనిపిస్తుంది. అమోనియా మరిగేది -33 దగ్గర. ఆ మధ్యలో చేసి చూడు, గీత ఉండదు, అయినా లోహం వస్తుంది. 2020లో ప్రాగ్‌కు చెందిన యుంగ్విర్త్ బృందం వెంట్రుకంత సన్నని అమోనియా ధార మీద ఎక్స్-కిరణాలు వేసి, బయటికొచ్చే ఎలక్ట్రాన్లను కొలిచింది. పలచగా ఉన్నప్పుడు విడివిడి ఎలక్ట్రాన్ల గుర్తు, చిక్కబడే కొద్దీ లోహపు గుర్తు. మెల్లగా ఒకటి రెండోదానిలోకి జారింది, మధ్యలో గోడ లేదు. ఇంకోటి, నీలం ద్రావణం ఇంకా లోహం కాదు కదా అని దాన్ని బంధకం (కరెంటు పారనివ్వనిది) అనుకోకు. ఉప్పునీళ్లలా అదీ కరెంటు పారనిస్తుంది. బంధకమంటే ఉత్త అమోనియానే.

తార్నాక_కుర్రాడు: మరి మోట్ తప్పా?

మెట్టుగూడ_ఫిజిక్స్: ఎందుకు తప్పవుతుంది? ఆయన లెక్క పరమ శూన్య ఉష్ణోగ్రత (దాదాపు -273 డిగ్రీలు) దగ్గరిది. ఇక్కడ ద్రవం కదులుతూనే ఉంటుంది, అందుకే ఆ హద్దు చెదిరిపోతుంది.

ల్యాబ్_బాబాయ్: మరి నీళ్లతో ఇదెందుకు కుదరదు? సోడియం వేస్తే ఢాం అంటుంది కదా.

మెట్టుగూడ_ఫిజిక్స్: అదే బృందం 2021లో చేసింది. సోడియం-పొటాషియం చుక్క మీద నీటి ఆవిరి పలుచగా పట్టించారు. కొన్ని సెకన్లు బంగారు రంగు, అంటే ఆ నీటి పొర లోహంలా మారింది.

తార్నాక_కుర్రాడు: సరే, గీత విషయంలో ఓడిపోయాను. రూంమేట్‌కు మాత్రం చెప్పకండి, చాయ్, ఉస్మానియా బిస్కెట్ పందెం వేశాను.