అనుభవజ్ఞులైన నర్సులకు ఏ మాట తగును?

ప్రశ్న: మే 12 నర్సుల దినోత్సవానికి సన్మాన పత్రాలు రాస్తున్నాం. 30 ఏళ్ల సర్వీసున్న నర్సుల గురించి ఆప్యాయంగా, గౌరవం తగ్గకుండా ఒక్క మాట కావాలి. ‘పెద్దమ్మ’ బాగుంటుందా?

జవాబు: వద్దండి. వరస కలిపినట్టున్నా పెద్దమ్మ అంటే జ్యేష్ఠాదేవి కూడా. ‘నెత్తిన పెద్దమ్మ’ అన్నది దరిద్రం గురించి చెప్పే మాట. పెద్దమ్మవారంటే మశూచి. ఆసుపత్రి సభలో పాతకాలం వాళ్లకు ముందు అదే తడుతుంది. ‘దాది’ ధాత్రి నుంచి వచ్చింది, పాలిచ్చి పెంచేదని అర్థం. ఇక్కడ పనే వేరు. ‘నర్సమ్మ’ ఆప్యాయమైన పిలుపే గానీ అందులో అనుభవం వినబడదు. ‘సిస్టర్’ ఇంగ్లండులో వార్డును నడిపే నర్సు హోదా. మన దగ్గర నిన్న చేరిన అమ్మాయీ సిస్టరే.

ప్రశ్న: మరి ‘హస్తవాసి’? రోగులు అనేదే కదా.

జవాబు: మంచి మాటే. కానీ వాడుకలో అది దేవుడిచ్చిన గుణమైపోయింది. విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన పసిబిడ్డకు సెలైన్ పెట్టడం చూడండి. నరాలు అణిగిపోయి ఉంటాయి (మనం నరం అంటాం, పాఠ్యపుస్తకాల్లో సిర). కంటికి కనబడే నీలిగీతను నమ్మకుండా, వేలికొనతో నొక్కి వదిలి, మెత్తగా తిరిగి లేచే చోటు వెతుకుతారు. పసుపురంగు 24 గేజి క్యాన్యులా (సూది మీద సన్నటి మెత్తని గొట్టం తొడిగి ఉండేది) తీసుకుని, సూదిమొన ఏటవాలు కోత పైకి ఉంచి, బాగా వాల్చి గుచ్చుతారు. రక్తం కనబడ్డాక కూడా సూదిని అలాగే దింపితే అవతలి గోడ చిల్లుపడి చెయ్యి ఉబ్బుతుంది. అందుకే అక్కడ ఇంకా వాల్చి, వెంట్రుకవాసి ముందుకు జరిపి, ఆపైన గొట్టాన్ని మాత్రమే లోపలికి జారుస్తారు. ఇదంతా సాధన. హస్తవాసి అంటే ఆ కష్టమంతా అదృష్టం ఖాతాలో పడుతుంది. ‘చేయి తిరిగిన’ అనండి.

ఇంకొకరు: చరక సంహిత కూడా పరిచారకుల గుణాల్లో ఉపచారజ్ఞత (సేవ చేయడం తెలియడం), దాక్ష్యం (నేర్పు), అనురాగం, శౌచం (శుభ్రత) అని నాలుగు చెప్పింది. నాలుగూ నేర్చి, నిలబెట్టుకోవాల్సినవే. అయితే ‘చేయి తిరిగిన’ విశేషణం, దాని పక్కన ఒక నామవాచకం ఉండాలి. నా ఓటు ‘పెద్దదిక్కు’కు. ఏమీ పాలుపోనప్పుడు అందరూ ఎవరివైపు చూస్తారో వాళ్లే పెద్దదిక్కు. ఆడామగా భేదం లేదు, వార్డులో బ్రదర్ అని పిలిచే మగ నర్సులకూ సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: ‘పెద్దదిక్కును కోల్పోయింది’ అన్నది సంతాప వార్తల్లో అరిగిపోయిన వాక్యం. రిటైరయ్యేవారి పత్రంలో ‘కోల్పోతున్నాం’ అని మాత్రం రాయకండి.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘చేయి తిరిగిన నర్సు, మా వార్డుకు పెద్దదిక్కు’ అని రాస్తాం. ఎదురుగా పిలిచేటప్పుడు?

జవాబు: పెద్దదిక్కు పిలుపు కాదు, వారి గురించి చెప్పే మాట. ఎదురుగా అయితే ‘పెద్ద సిస్టర్ గారూ’ అనండి. పత్రంలో పేరు కింద హోదా మాత్రం ఉత్తర్వుల్లో ఎలా ఉందో అలాగే వేయండి.