కొత్త ఎయిర్ పిస్టల్ గ్రిప్‌ను వెంటనే చెక్కాలా, చేతినే దానికి అలవాటు చేసుకోవాలా?

నల్లచుక్క (విజయవాడ):

ఇన్నాళ్లూ క్లబ్బు పిస్టల్‌తోనే సరిపెట్టుకున్నాను. ముందు కాల్చినవారు సైట్ (గురి చూసే అమరిక) తిప్పి వెళ్తారు, తర్వాత వచ్చేవారు ట్రిగ్గర్ మార్చుకుంటారు. పెల్లెట్ పక్కకు పోతే తప్పు నాదో పిస్టల్‌దో తేలేది కాదు. చివరికి ఇంట్లోవాళ్లను ఒప్పించి సొంతంగా స్టెయర్ ఈవో 10 తీసుకున్నాను. మెకానికల్ ట్రిగ్గర్, కుడిచేతి గ్రిప్ (చెక్క పిడి), మీడియం సైజు.

పెట్టె తెరవగానే కంటపడింది ఫ్యాక్టరీ టెస్ట్ కార్డు. పిస్టల్‌ను బిగించి 10 మీటర్ల నుంచి కాల్చిన పెల్లెట్లన్నీ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోయాయి. చూస్తే సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఇకమీదట పదికి బదులు ఎనిమిది పడితే నెపం వేయడానికి ఎవరూ లేరు!

ట్రిగ్గర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మొదటి దశ మెత్తగా వెనక్కి వస్తుంది, స్పష్టంగా ఒక చోట ఆగుతుంది, అక్కడి నుంచి ఈడ్పు అన్నది లేకుండా వదులుతుంది. పేల్చినప్పుడు కుదుపు దాదాపు లేదు. లోపల ఎదురు కదిలే చిన్న బరువు ఒకటి ఉంటుందట, అది కుదుపును మింగేస్తోంది. బరువు కిలోకు కాస్త తక్కువే అయినా క్లబ్బు పిస్టల్ కంటే ముందుకు తూగుతున్నట్టుంది. అది నాకు నచ్చింది.

చిక్కంతా గ్రిప్‌తోనే. బొటనవేలి మొదట్లో ఉన్న ఎముకకు చెక్క అంచు గుచ్చుకుంటోంది. మధ్యవేలికీ ట్రిగ్గర్ గార్డుకూ నడుమ సందు మిగులుతోంది. కళ్లు మూసుకుని చేయి ఎత్తి, తెరిచి చూస్తే ముందు సైట్ ప్రతిసారీ వెనక సైట్ గాడిలో ఎడమవైపుకే ఉంటోంది. మా రేంజిలో ఒక సీనియర్ ఆకురాయి తీసుకుని ఈరోజే మొదలుపెట్టమంటారు. కోచ్ మాత్రం ఆరు నెలలు తాకవద్దంటారు. రెండు లక్షలు దాటిన వస్తువు మీద ఆకురాయి పెట్టాలంటే చేయి ఆడడం లేదు. మీరేమంటారు?

చెక్కపని (రాజమహేంద్రవరం):

మీ సీనియర్ మాటే నాది. ఫ్యాక్టరీవాళ్లు చేసే మీడియం గ్రిప్ ఎవరి చేతి కొలతా కాదు, అందరి చేతులకూ సగటు. అంత మంచి వాల్‌నట్ చెక్క ఇచ్చేది చెక్కుకోవడానికే, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కాదు. ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? గుచ్చుకునే అంచును తప్పించుకోవడానికి చేయి తనకు తెలియకుండానే పక్కకు జరుగుతుంది, ఆ వంకర పట్టే అలవాటైపోతుంది. తర్వాత గ్రిప్ మార్చినా చేయి మారదు.

పద్ధతి చెప్తాను. అరచేతికి సుద్దపొడి రాసుకుని, కాల్చేటప్పుడు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకుని వదలండి. చెక్క మీద పొడి ఒత్తుగా అంటిన చోట ఎక్కువ ఆనుతోంది, అసలు అంటని చోట ఖాళీ ఉంది. ఎక్కువ ఆనిన చోట సన్నటి ఆకురాయితో నాలుగు గీతలు, మళ్లీ పొడి, మళ్లీ చూడడం. ఖాళీల్లో ఎం-సీల్ పెట్టి, తడి చేత్తో నొక్కి ఆరనివ్వండి. ఒక ఆదివారం చాలు.

రేంజి మాస్టారు (గుంటూరు):

చెక్కపని గారి చేతి పనితనం నేను కళ్లారా చూశాను, దాని మీద నాకు అనుమానం లేదు. అనుమానమల్లా తొందర మీదే. కొత్త చెప్పు కరిచిందని మొదటి రోజే కత్తెర పెట్టం కదా.

కొత్త పిస్టల్ పట్టినవారు ఎప్పుడూ ఉండాల్సిన దానికంటే గట్టిగా పట్టుకుంటారు. ఖరీదైన వస్తువు, పక్కన నలుగురు చూస్తున్నారు, పైగా టెస్ట్ కార్డు భయం. ఆ బిగువులో ఎముక గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది? కొన్ని వారాలు పోతే వేళ్లు సడలుతాయి, ఇవాళ గుచ్చుకున్న అంచు రేపు గుర్తుకు కూడా రాదు. ఇంకొకటి, మన ఎండల్లో చేయి ఉదయం ఒక సైజు, మధ్యాహ్నం ఒక సైజు. ఏసీ లేని హాలులో మే నెలలో ఉబ్బిన చేతికి చెక్కిన గ్రిప్ డిసెంబరులో వదులవుతుంది.

నల్లచుక్క గారూ, ఆకురాయి కంటే ముందు అలెన్ కీ తీసుకోండి. మీ పిస్టల్ గ్రిప్‌ను ఫ్రేము మీద కోణం మార్చి బిగించుకోవచ్చు. మర వదులు చేసి కొద్దికొద్దిగా తిప్పుతూ, కళ్లు మూసి ఎత్తే పరీక్ష మళ్లీ చేయండి. సైట్ ఎడమకు పడడం చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. చెక్కతో పనే లేదు. అరచేతి కింది పలకను మాత్రం పైకి బిగించకండి. కొత్తవారికి అదంటే మోజు, చేయి కదలకుండా ఉందనిపిస్తుంది. కాసేపటికి వేళ్లు మొద్దుబారి ట్రిగ్గర్ తెలియకుండా పోతుంది.

పోటీ నిబంధనలు కూడా మరిచిపోవద్దు. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ఎం-సీల్ మీద ఎం-సీల్ పెట్టుకుంటూ పోతే ఆ 50 దాటడం ఎంతసేపు? కింది పలక పైకి వంపు తిరగకూడదు, గ్రిప్ చేతిని చుట్టేయకూడదు. మ్యాచ్ ఉదయం తనిఖీ బల్ల దగ్గర నిలబడి గరుకు కాగితంతో రుద్దుకునేవారిని చాలామందిని చూశాను.

చెక్కపని:

మాస్టారూ, కోణం మార్చడం మంచి సలహా, ఒప్పుకుంటాను. కానీ ఎముక మీద ఆనే అంచు కోణం మారిస్తే పోదు, ఇంకో చోటికి జరుగుతుంది. నొప్పి ఉన్నవాడు ట్రిగ్గర్ మీద ధ్యాస పెట్టలేడు. మీరేమో నొప్పిని భరించడం కూడా శిక్షణే అంటున్నారు.

రేంజి మాస్టారు:

ఆ మాట నేను అనలేదు. నొప్పికీ కొత్తదనానికీ తేడా తెలిసేదాకా ఆగమన్నాను. కాల్చడం ఆపిన గంట తర్వాత కూడా చర్మం మీద ఎర్రటి మచ్చ ఉంటే అది నొప్పి. లేకపోతే కొత్తదనం.

అయిదువందల గ్రాములు (విశాఖపట్నం):

అందరూ చెక్క చుట్టూ తిరుగుతున్నారు. ఆయన మెకానికల్ ట్రిగ్గర్ ఎందుకు కొన్నారన్నది అసలు ప్రశ్న. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే ఇంట్లో ప్రతిసారీ లీవర్ ఎత్తకుండానే డ్రై ఫైరింగ్ (పెల్లెట్ లేకుండా ఉత్తుత్తిగా ట్రిగ్గర్ నొక్కడం) చేసుకోవచ్చు. గోడకు ఎదురుగా నిలబడి గంటలో ఎన్నిసార్లు నొక్కవచ్చో ఊహించండి. గ్రిప్ ఎలా ఉన్నా వేలు నేర్చుకునేది అక్కడే.

నల్లచుక్క:

అది ఆలోచించాను. బ్యాటరీ అయిపోతుందేమో, సర్క్యూట్ పోతే ఇక్కడ బాగుచేసేవారు దొరుకుతారో లేదో అని వెనక్కి తగ్గాను. టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించడం, సమయం పోగొట్టుకుని 575తో 12వ స్థానంలో ఆగిపోవడం ఇంకా కళ్ల ముందే ఉంది.

అయిదువందల గ్రాములు:

ఆ అమ్మాయే 2024లో పారిస్‌లో అదే పోటీలో కాంస్యం గెలిచింది. పిస్టల్ అన్నది ఏదైనా మొరాయించవచ్చు. మెకానికల్‌లో స్ప్రింగు విరగదా? దారి రెండో పిస్టల్ దగ్గర ఉంచుకోవడం. మనలాంటివాళ్లకు అది కుదరదు కాబట్టి క్లబ్బు పిస్టల్‌తో గొడవ పెట్టుకోకండి.

ఒక్క సంగతి మాత్రం వినండి. ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి కదా అని సరిగ్గా అక్కడే పెట్టుకోవద్దు. తనిఖీలో బరువు తగిలించి ఎత్తినప్పుడు ఒక్క వెంట్రుక తేడా వచ్చినా వెనక్కి పంపుతారు. 510, 520 దగ్గర పెట్టుకుంటే మీ వేలికి తేడా తెలియదు, ప్రాణం హాయిగా ఉంటుంది.

చిన్న ప్రశ్న (కొత్త సభ్యులు):

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. దీనికి లైసెన్సు అక్కర్లేదా?

రేంజి మాస్టారు:

4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లలోపు శక్తి ఉన్న ఎయిర్ ఆయుధాలకు లైసెన్సు అవసరం లేదు. 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది. టార్గెట్ పిస్టల్ శక్తి 5 జౌళ్ల దగ్గర ఉంటుంది. అంతమాత్రాన బొమ్మ అనుకోవద్దు, కన్ను పోవడానికి అది చాలు.

కేపీ అమ్మ (హైదరాబాద్):

మా అమ్మాయికి పదమూడేళ్లు. 2018లో ఈషా సింగ్ ఆ వయసులోనే జాతీయ టైటిల్ గెలిచిందని విన్నప్పటి నుంచి మా ఇంట్లో పేపర్లో కూరగాయల ధరలకు బదులు పెల్లెట్ల ధరలు చూస్తున్నాం. మాకు అమ్మిన దుకాణదారు పిల్ల చేయి పెరుగుతుంది కదా అని పెద్ద సైజు గ్రిప్ అంటగట్టారు. స్కూలు యూనిఫాం అనుకున్నారేమో! వేలు ట్రిగ్గర్ దాకా సరిగ్గా అందక కొనతో గోకుతున్నట్టు నొక్కేది. కోచ్ చూసి వెంటనే చిన్న సైజు తెప్పించమన్నారు.

చిన్న గ్రిప్‌ను చెక్కనివ్వలేదు. ఏడాదిలో మళ్లీ మార్చాలి, అప్పుడు ఇంకో పాపకు అమ్మేయవచ్చు. చెక్కిన గ్రిప్ ఎవరు కొంటారు? పెద్దవాళ్ల మాటేమో గానీ, పెరిగే పిల్లలకు మాస్టారి మాటే సరైనదనిపిస్తోంది.

చెక్కపని:

అమ్మా, అమ్ముకోవడం గురించి ఆలోచించి గ్రిప్ చెక్కకపోవడం అంటే వచ్చే కొనుగోలుదారు కోసం మీ పాప అవస్థ పడుతోందన్నమాట.

కేపీ అమ్మ:

నెలనెలా పెల్లెట్ల ఖర్చు, రేంజి ఫీజు కట్టేది మీరు కాదు కాబట్టి అలా అనగలిగారు.

గోదారి నుంచి డాలస్ (టెక్సాస్):

మూడో దారి ఒకటి ఉంది. నేను జర్మనీలోని రింక్ వాళ్ల దగ్గర గ్రిప్ చేయించుకున్నాను. కాగితం మీద చేయి పరిచి గీత గీసి, కొలతలు రాసి పంపితే దానికి తగ్గట్టు చేసి పంపారు. వచ్చిన రోజు పట్టుకుంటే ప్రాణం లేచివచ్చింది. అయినా చెప్తున్నాను, దాన్ని కూడా ఉంగరపు వేలి దగ్గర కాస్త గీకాల్సి వచ్చింది. కాగితం మీద పరిచిన చేయి వేరు, పిస్టల్ ఎత్తి పట్టిన చేయి వేరు. కాబట్టి డబ్బు పెడితే ఆకురాయి తప్పుతుందన్న ఆశ వద్దు. ఇండియాకు తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోండి.

నిమ్మళం (కర్నూలు):

ఇంత చర్చ అవసరమా? పారిస్‌లో టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లద్దాలు పెట్టుకుని, ఒక చేయి జేబులో పెట్టుకుని వెండి పతకం తీసుకెళ్లాడు. ఈ గ్రిప్పులూ కొలతలూ అన్నీ మనసులోని భయాలు.

రేంజి మాస్టారు:

నిమ్మళం గారూ, ఆ ఫోటో మళ్లీ ఒకసారి పెద్దది చేసి చూడండి. ఆయన వదిలేసింది కంటి ముందు పెట్టుకునే లెన్సులూ, చూపుకు అడ్డుపెట్టుకునే రెప్పలూ. చేతిలో ఉన్నది అసలైన మ్యాచ్ పిస్టల్, చేతికి అమరే మ్యాచ్ గ్రిప్‌తో సహా. జేబులో చేయి పెట్టుకోవడం కూడా దర్పం కాదు. ఖాళీ చేయి ఊగకుండా మేమంతా పిల్లలకు అదే నేర్పుతాం.

నల్లచుక్క:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పినట్టు ముందు కోణం మార్చి చూశాను. కళ్లు మూసి ఎత్తితే సైట్ ఇప్పుడు గాడి మధ్యకే వస్తోంది, ఎప్పుడైనా కాస్త ఎడమకు జరిగినా ముందున్నంత కాదు. కింది పలక దించేశాను. మధ్యవేలి దగ్గరి సందు కూడా కాస్త తగ్గింది. బొటనవేలి మొదట్లో గుచ్చుకోవడం మాత్రం అలాగే ఉంది. కాల్చడం ముగిసిన గంటకు కూడా మచ్చ పోవడం లేదు, మాస్టారి లెక్క ప్రకారం అది నొప్పే.

అందుకని ఆ ఒక్క అంచును గుండ్రంగా చేస్తాను, అది కూడా గరుకు కాగితంతోనే. ఎం-సీల్ జోలికి ఇప్పుడే పోను.

చెక్కపని:

గరుకు కాగితంతో వాల్‌నట్ అంచు తగ్గాలంటే సంక్రాంతి వస్తుంది. సన్నటి సగం గుండ్రపు ఆకురాయి వాడండి. గ్రిప్ విప్పి, ఫ్రేమును దూరంగా పెట్టి పని చేయండి. చెక్కపొడి ట్రిగ్గర్‌లోకి పోయిందంటే అప్పుడు నన్ను తిట్టుకుంటారు. అయ్యాక కొద్దిగా లిన్సీడ్ నూనె రాయండి, వార్నిష్ వద్దు, చెమటకు జారుతుంది. మధ్యవేలి సందు గురించి నెల తర్వాత మళ్లీ ఇక్కడికే వస్తారు, చూడండి.

రేంజి మాస్టారు:

ఆకురాయికి ఒప్పుకుంటున్నాను, ఆ ఒక్క అంచు వరకే. స్కోరు చూసి మాత్రం చెక్కవద్దు. ఎనిమిది పడిన కోపంలో ఆకురాయి పట్టుకున్నవాడి గ్రిప్ నెల తిరిగేసరికి పుల్లలా మిగులుతుంది. మీకు దగ్గర్లో ఎవరి దగ్గరైనా స్కాట్ యంత్రం (గురి కదలికను తెర మీద గీసి చూపేది) ఉంటే ముందు ఒకసారి, చెక్కాక ఒకసారి గురి గీత చూసుకోండి. చేయి ఊగే విస్తీర్ణం తగ్గిందా, లేక ట్రిగ్గర్ నొక్కే క్షణంలో పక్కకు లాగడం తగ్గిందా అన్నది అక్కడ విడివిడిగా కనిపిస్తుంది. మొదటిది తగ్గకుండా రెండోది తగ్గితే చెక్కపని గారిదే గెలుపు, ఈ వేదిక మీదే ఒప్పుకుంటాను.

అన్నట్టు, ఇంతసేపూ ఎవరూ అడగలేదు. పిస్టల్‌కు బిగించే గాలి సిలిండరు మీద తయారీ తేదీ చూశారా? దాని ఆయుష్షు పదేళ్లే, లెక్క మొదలయ్యేది మీరు కొన్న రోజు నుంచి కాదు.

నల్లచుక్క:

ఇప్పుడే చూశాను మాస్టారూ. రెండేళ్ల కిందటి తేదీ ఉంది. అమ్మినవారు ఆ మాట చెప్పలేదు. రేపు ఫోను చేసి అడుగుతాను.

గోదారి నుంచి డాలస్:

అడిగేటప్పుడు రెండో సిలిండరు ధర తగ్గించమని కూడా అడగండి. విమానంలో మ్యాచ్‌కు వెళ్లాల్సి వస్తే రెండూ ఖాళీ చేసి తీసుకెళ్లాలి. అక్కడ 200 బార్ పీడనానికి గాలి నింపే పంపు ఉందో లేదో బయలుదేరే ముందే కనుక్కోండి.