చిన్న మిషన్లకి పెట్రోల్ ఒలక్కుండా పోయగలిగే క్యాన్ ఏది?

కొత్తస్పానర్:
అందరికీ నమస్కారం. నా దగ్గర ఒక జనరేటర్, ఒక వాటర్ పంపు, ఒక బ్రష్ కట్టర్ (గడ్డీ పొదలూ కోసేది) ఉన్నాయి, మూడూ పెట్రోల్‌వే, బ్రష్ కట్టర్‌కి మాత్రం ఆయిల్ కలిపి పోస్తా. మిషన్లతో ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందంతా పెట్రోల్ క్యాన్‌తోనే. ఇప్పుడున్నది 10 లీటర్ల ప్లాస్టిక్‌ది, దానికి ఒకటే మూతి, ఆ మూతికి లోపల స్ప్రింగు, బయట ఒక కొక్కెం. కొక్కేన్ని ట్యాంకు అంచుకి ఆనించి కిందికి నొక్కితే తెరుచుకుంటుందని రాశారు గానీ 10 లీటర్ల బరువు రెండు చేతుల్తో గాల్లో పట్టుకుని అదే చేతుల్తో మళ్ళీ నొక్కడం ఎలాగో నాకైతే అర్థం కావట్లేదు.

నిన్న ఏమైందంటే జనరేటర్ ట్యాంకు మూత తీసి క్యాన్ వంచా, ముందు ఏం రాలేదు, ఇంకాస్త వంచితే సన్నగా ధార మొదలైంది, తర్వాత గుడుక్ గుడుక్ అని ఆగి ఆగి వచ్చి ఉన్నట్టుండి గుప్పుమని దూకేసింది. ట్యాంకు మూతి చుట్టూ, పక్కన సైలెన్సర్ మీద, నా పాదాల మీద, అంతా పెట్రోలే. అప్పటికి మిషన్ ఆపి గంట దాటింది కాబట్టి సరిపోయింది. ఆ సైలెన్సర్ వేడిగా ఉండుంటే అన్న ఆలోచనకి రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా.

నేను అడిగేది ఏంటంటే, సాఫీగా ఒకే ధారగా పోసే క్యాన్ అసలు ఉందా? స్టీల్ మంచిదా ప్లాస్టిక్ మంచిదా? ఇంకోటి, ఉన్న క్యాన్‌కే వెనక పక్క గాలికి ఒక బెజ్జం పెడితే సరిపోతుందని ఒకరు చెప్పారు, అది చేయొచ్చా?

గరాటు:
బ్రో, ముందు ఆ గుడుక్ గుడుక్ ఎందుకొస్తుందో చూడు, అది తెలిస్తే ఏ క్యాన్ కొనాలో నీకే తెలిసిపోతుంది. క్యాన్‌లోంచి ఎంత పెట్రోల్ బయటికొస్తే అంత చోటుకి గాలి లోపలికి వెళ్ళాలి. ఒకటే మూతి ఉండి దాని నిండా పెట్రోలే వస్తుంటే గాలికి దారి లేదు, లోపల ప్రెషర్ తగ్గిపోతుంది, క్యాన్ గోడలు లోపలికి గుంజుకుంటాయి (పోసేటప్పుడు పక్కలు చూడు, సొట్ట పడుతుంటాయి), ఒక స్థాయికి రాగానే బయటి గాలి ధారని తోసుకుంటూ బుడగలా లోపలికి దూరుతుంది. ఆ క్షణం ధార ఆగుతుంది. బుడగ పైకెళ్ళగానే పెట్రోల్ మళ్ళీ దూకుతుంది. నీ పాదాల మీద పడింది ఆ దూకుడే.

కాబట్టి కొనేటప్పుడు మూతి ఎంత లావుందని కాదు, గాలి ఎటు నుంచి వెళ్తుందో చూడాలి. రెండు రకాలుంటాయి. ఒకటి, క్యాన్ వెనక పక్క విడిగా చిన్న గాలి మూత ఉండేది, పాతకాలం క్యాన్లన్నీ ఇలాంటివే, హాయిగా పోస్తాయి. రెండోది, మూతిలోనే రెండు దారులు, లావుదాంట్లో పెట్రోల్ బయటికి, సన్నదాంట్లో గాలి లోపలికి. ఈ రెండో రకంలో ఇంకో లాభం ఉంది, ట్యాంకులో మట్టం పెరిగి మూతి కొనలో ఉన్న గాలి బెజ్జాన్ని ముంచగానే గాలి ఆగుతుంది, దాంతో పెట్రోల్ కూడా దానంతటదే ఆగిపోతుంది. పొంగిపోవడం అనేది ఉండదు. కాకపోతే మూతి కొన ట్యాంకు లోపలికి బాగా దిగాలి, నీ బ్రష్ కట్టర్ ట్యాంకు నోరు ఎంతుందో కొలుచుకునే కొను, దూరకపోతే దండగ.

అమెరికాలో 2009 నుంచి తయారయ్యే క్యాన్లలోంచి ఆవిరి బయటికి పోకూడదు, మూతి దానంతటదే మూసుకోవాలి అని రూల్ పెట్టారు, అప్పట్నుంచి కంపెనీలు విడి గాలి మూత తీసేసి అన్నీ ఒకే మూతిలో ఇరికించడం మొదలెట్టాయి. కొన్ని బాగానే కుదిరాయి. కొక్కెం నొక్కే రకాలు మాత్రం మనుషుల్ని ఏడిపించాయి. బొటనవేలితో బటన్ నొక్కేవి వస్తాయి చూడు, నో-స్పిల్ లాంటివి, అవి చాలా నయం, వేలు తీయగానే ఆగిపోతుంది, ట్యాంకు అంచుకి ఆనించాల్సిన పని లేదు.

రంపంమనిషి:
బ్రష్ కట్టర్‌కి, చెయిన్ సా కి కాంబి క్యాన్ తీసుకోండి, వేరే ఆలోచన వద్దు. స్టిల్, హస్క్‌వర్నా కంపెనీలు రెండూ చేస్తాయి, ఒక పక్క ఆయిల్ కలిపిన పెట్రోల్, ఇంకో పక్క చెయిన్ ఆయిల్. హస్క్‌వర్నాది 6 లీటర్లు, 2.5 లీటర్లు. దానికి ట్యాంకు నిండగానే ఆగే మూతి బిగించుకుంటే కళ్ళు మూసుకుని పోయొచ్చు. మీకు చెయిన్ ఆయిల్ అక్కర్లేదు కాబట్టి మామూలు 5 లీటర్ల క్యాన్‌కి అదే మూతి దొరికితే అదే చాలు. క్యాన్ మీద మార్కర్‌తో ఆయిల్ కలిపిన పెట్రోల్ అని పెద్దగా రాయండి, 50:1 (50 పాళ్ళ పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్) అయితే లీటరుకి 20 మిల్లీ ఆయిల్ అని కూడా రాయండి. జనరేటర్ క్యాన్‌లోది పొరపాటున బ్రష్ కట్టర్‌లో పోస్తే ఆయిల్ లేక పిస్టన్ పట్టేస్తుంది.

పాతజెర్రీ:
స్టీల్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నానండీ, నేను ఎన్నో ఏళ్ళుగా 20 లీటర్ల జెర్రీక్యాన్లు వాడుతున్నా, అంత ఆలోచించి చేసిన వస్తువు ఇంకోటి చూడలేదు. 1930ల్లో జర్మన్ సైన్యం కోసం చేశారు, ఆ జర్మన్లని అవతలి సైనికులు జెర్రీ అని పిలిచేవాళ్ళు కాబట్టి క్యాన్‌కీ అదే పేరు పడింది. అప్పట్లో బ్రిటిష్ వాళ్ళ పల్చటి రేకు డబ్బాలు దారిలోనే కారిపోయేవి, ఇవి దొరికినప్పుడు ఉన్నవి ఉన్నట్టు కాపీ కొట్టేశారు. పైన మూడు పిడులు ఎందుకంటే ఒక్కడు మోస్తే మధ్య పిడి, ఇద్దరు మోస్తే చెరో చివర, ఖాళీవైతే పక్క పిడులు కలిపి ఒక చేత్తో రెండు క్యాన్లు. పక్కల మీద ఆ ఇంటూ గుర్తు అందానికి కాదు, ఎండకి లోపల ఆవిరి ఉబ్బితే రేకు సాగడానికి, గట్టిదనానికి. మూతి పక్కనే లోపల ఒక సన్న గొట్టం ఉంటుంది, అది పైన మిగిలిన గాలి గదిలోకి వెళ్తుంది. గరాటు గారు చెప్పిన గాలి దారి అదే, 1937 నాటికే చేసి పెట్టారు.

కానీ ఉన్న మాట చెప్పాలి కదా, మీ పనికి ఇది నేను చెప్పను. 20 లీటర్ల పెట్రోల్ 15 కిలోల దాకా తూగుతుంది, క్యాన్ బరువు ఇంకో నాలుగు కిలోలు పైనే. అంత బరువు నడుం ఎత్తున వంచి పట్టుకుని లీటరు కూడా పట్టని ట్యాంకులో పోయాలంటే ఎంత మంచి మూతి ఉన్నా చెయ్యి వణుకుతుంది, వణికితే ఒలుకుతుంది. జెర్రీక్యాన్ నిల్వకి పెట్టుకోండి, దాంట్లోంచి 5 లీటర్ల క్యాన్‌లోకి దించుకుని ఆ చిన్నదాంతో మిషన్లకి పోసుకోండి. కొంటే మూత వాషర్ కూడా ఇంకోటి కొని పెట్టుకోండి, వాషర్ గట్టిపడితే ఎంత బిగించినా చెమ్మ కారుతుంది. మామూలు రబ్బరు ముక్క కోసి పెట్టారంటే పెట్రోల్ తాగి ఉబ్బిపోతుంది, నైట్రైల్ రబ్బర్‌దే పెట్టాలి.

ఇంకో చిన్న విషయం, పలక డబ్బా ఏదైనా సరే, గాలి గొట్టం లేనిదైతే మూతి కింది వైపుకి కాకుండా పై వైపుకి ఉండేట్టు అడ్డంగా పట్టుకుని వంచండి. పెట్రోల్ మూతి సగం నుంచే వస్తుంది, మిగతా సగం నుంచి గాలి వెళ్తుంది. చూడ్డానికి తప్పుగా పట్టుకున్నట్టు ఉంటుంది, పోస్తే తెలుస్తుంది.

నీలిమూత:
బెజ్జం విషయం ఎవరూ చెప్పలేదు. వద్దు. నేను పెట్టా కాబట్టే చెప్తున్నా. కొత్త క్యాన్‌కి, ఒక్కసారి కూడా పెట్రోల్ పోయని దానికి, డ్రిల్లు పెట్టి విడిగా అమ్మే గాలి బిరడా బిగించా. పోయడం మాత్రం అద్భుతం, ఒకే ధార, నిజం. రెండు నెలలకి ఎండకి ఆ బిరడా వదులైంది, షెడ్డు తలుపు తీయగానే ముక్కు పగిలే వాసన. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు, నేల మీద పాకుతుంది, ఎక్కడో మూలనున్న మంటనో స్విచ్ నిప్పురవ్వనో వెతుక్కుంటూ పోతుంది. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి వదిలే సరుకు అది. ఆ రోజే క్యాన్ ఖాళీ చేసి పక్కన పడేశా. మీది ఇప్పటికే పెట్రోల్ పోసిన క్యాన్, దానికి డ్రిల్లు దగ్గరికి కూడా తేవద్దు, ఖాళీ క్యాన్‌లో మిగిలిన ఆవిరే ఎక్కువ ప్రమాదం.

అలాగే కొన్ని క్యాన్ల నోట్లో సన్న జాలీ ఉంటుంది, నింపేటప్పుడు అడ్డమని చాలామంది పీకేస్తారు. అది మంట లోపలికి పాకకుండా ఆపేది. పీకొద్దు.

కొత్తస్పానర్:
అందరికీ చాలా థాంక్స్ అండీ. బెజ్జం ఆలోచన మానేశా. పాతజెర్రీ గారూ, పెద్ద క్యాన్ నుంచి చిన్నదాంట్లోకి దించడం ఎలా, అక్కడ కూడా ఒలుకుతుంది కదా? నోటితో పీల్చి పైపు వేయడం చూశాను.

పాతజెర్రీ:
నోటితో మాత్రం వద్దండీ, ఎప్పుడూ వద్దు. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పత్రే. పైపు చివర ఇత్తడి తొడుగు, దాంట్లో చిన్న గోళీ ఉండే సైఫన్ పైపులు దొరుకుతాయి, ఆ చివర పెద్ద క్యాన్‌లో ముంచి పైకీ కిందికీ నాలుగుసార్లు గబగబా ఊపితే చాలు, ధార మొదలవుతుంది. పెద్ద క్యాన్ ఎత్తు మీద, చిన్నది కింద నేల మీద ఉండాలి. ఆపాలంటే పైపు ఆ చివర పెట్రోల్ పైకి ఎత్తేయండి. పైపు ఆ తర్వాత మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి, ఇసుక రేణువు ఒకటి అంటుకున్నా కార్బురేటర్‌లోకి పోతుంది.

గరాటు:
నేల మీద అన్నది ముఖ్యం బ్రో. బంకులో నింపించేటప్పుడు కూడా క్యాన్ బండిలోంచి దించి నేల మీద పెట్టు, గొట్టం కొన క్యాన్ నోటికి తగులుతూ ఉండాలి, స్టాటిక్ కరెంటు (రాపిడికి పుట్టి నిప్పురవ్వ వేసేది) పోవడానికి. బండిలో ప్లాస్టిక్ షీట్ మీద ఉంచి నింపితే ఆ కరెంటుకి నేలలోకి దారి ఉండదు. గొంతు దాకా నింపొద్దు, పైన కొంచెం ఖాళీ వదులు. ఎండలో ఉన్న క్యాన్ మూత ఒక్కసారిగా తీయకు, కొద్దిగా తిప్పి సుయ్యిమని గాలి పోనిచ్చి తర్వాత తియ్యి.

కొత్తస్పానర్:
అప్‌డేట్. బటన్ నొక్కే రకం 5 లీటర్లది తెచ్చా, ముందు నీళ్ళు పోసి ఖాళీ బకెట్ మీద పది సార్లు ప్రాక్టీస్ చేశా, తర్వాత బాగా ఆరబెట్టి పెట్రోల్ నింపా. ఈరోజు జనరేటర్‌కి పోశాను, ఒకే ధార, బటన్ వదలగానే టక్కున ఆగింది, ట్యాంకు చుట్టూ గుడ్డతో తుడిస్తే గుడ్డ పొడిగానే ఉంది. బ్రష్ కట్టర్ ట్యాంకులోకి మాత్రం ఆ మూతి దూరట్లేదు, దానికి రంపంమనిషి గారు చెప్పిన ఆటోమేటిక్ మూతి కోసం చూస్తున్నా. ట్యాంకు నోరు లోపల 28 మిల్లీమీటర్లు వచ్చింది, సరిపోతుందా?

రంపంమనిషి:
మూతి ముందుండే రబ్బరు ట్యాంకు అంచు మీద కూర్చోవాలి, లోపలి కొలత ఒక్కటే చాలదు, అంచు బయటి కొలత కూడా చూసి చెప్పండి. అంచు మీద రబ్బరు సరిగ్గా ఆనకపోతే నొక్కినా తెరుచుకోదు.