‘వర్ణాంతర రేణువులు’ అనొచ్చా?

ప్రశ్న: మైక్రోబయాలజీ పాఠం తెలుగు చేస్తున్నాం. పాలీఫాస్ఫేట్‌కు ‘బహుభాస్వరం’, బాక్టీరియాలో అది పేరుకుని ఏర్పడే మెటాక్రోమాటిక్ గ్రాన్యూల్స్‌కు ‘వర్ణాంతర రేణువులు’ అని రాశారు. ఈ రెండు మాటలూ నిలుస్తాయా?

— మొదటిది నిలవదండీ. భాస్వరం మూలకం పేరు. ‘బహుభాస్వరం’ అంటే తెల్లభాస్వరం, ఎర్రభాస్వరం లాంటి ఇంకో రూపమనుకుంటారు పిల్లలు. ఇక్కడున్నవి ఫాస్ఫేట్లు. పక్కపక్కవి మధ్యలో ఒక ఆక్సిజన్‌ను పంచుకుంటూ మూడు మొదలు వెయ్యికి పైగా ఒకే వరుసలో ఉంటాయి. పాలీఫాస్ఫేట్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘ఫాస్ఫేట్ గొలుసు’ అని విప్పండి.

— గ్రామాంతరం, భాషాంతరం ఉన్నాయి కాబట్టి ‘వర్ణాంతరం’ సమాసంగా సరైనదే. కానీ ఆ మాట వినగానే మనకు స్ఫురించేది వర్ణాంతర వివాహం. పోనీ ‘రంగు మారే రేణువులు’ అందామా అంటే, అది శాస్త్రం ప్రకారమే తప్పు. మారేది అద్దకం రంగు. టొల్యుడిన్ బ్లూ అనే నీలి అద్దకం అణువులది ధనావేశం, రేణువులోని ఫాస్ఫేట్ గొలుసుది రుణావేశం. ఆ అణువులు గొలుసు వెంబడి ఒకదానిమీదొకటి ఒత్తుగా పేరుకుంటే, నీలం కాస్తా ఊదా ఎరుపు వైపు జరుగుతుంది. ‘అద్దకం రంగు మార్చే రేణువులు’ అనండి, పొడవైనా ఫర్వాలేదు.

ఇంకో జాగ్రత్త: ఆల్బర్ట్ స్టెయిన్ అనే అద్దకం పద్ధతిలో చివర అయోడిన్ పోస్తారు కనుక డిఫ్తీరియా బాక్టీరియాలో ఆ రేణువులు నల్లనీలంగా, ఒళ్లు ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఏ స్టెయినో చూడకుండా ‘ఎర్రగా’ అని రాయొద్దు. లోఫ్లర్ సీరం అనే పోషక మాధ్యమం మీద పెంచినప్పుడే రేణువులు బాగా తేలతాయని కూడా చేర్చండి.

— ఈ రేణువులకే ఉన్న ఇంకో పేరు ‘వొల్యుటిన్’ను మాత్రం అనువదించకండి. స్పైరిల్లమ్ వొల్యుటాన్స్ అనే బాక్టీరియా పేరు మీంచి 1904లో ఆర్థర్ మేయర్ పెట్టిన మాట అది.

పాలీఫాస్ఫేట్‌ను ‘నిల్వ పదార్థం’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చలేదు. అమైనో ఆమ్లాలు కరువైన ఈ.కోలైలో పీపీజీపీపీ అనే సంకేత అణువు పెరిగి, గొలుసును కొసనుంచి తెంపే పీపీఎక్స్ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. పీపీకే (పాలీఫాస్ఫేట్ కైనేజ్) అనే ఎంజైమ్ మాత్రం గొలుసు అల్లుతూనే ఉంటుంది. పేరుకున్న గొలుసు ప్రోటీన్లను నరికే లాన్ ప్రోటియేజ్ ఎంజైమ్‌కు అంటుకుని, రైబోసోమ్ ప్రోటీన్లను నరికిస్తుంది. అలా కొత్త ప్రోటీన్లకు అమైనో ఆమ్లాలు దొరుకుతాయి. మన రక్తఫలకికల్లో (ప్లేట్‌లెట్లలో) 60–100 ఫాస్ఫేట్ల పొట్టి గొలుసులుంటాయి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడతాయి. దాన్ని ‘నిల్వ’ అని ఎలా అంటాం?

— పీపీకేను ‘నిర్మాణ ఎంజైమ్’ అన్నారా, అదీ దిద్దండి. అది ఏటీపీ చివరి ఫాస్ఫేట్‌ను గొలుసుకు చేరుస్తుంది, ఏడీపీ ఎక్కువైతే వెనక్కి నడిచి ఏటీపీనీ చేస్తుంది. ‘పాలీఫాస్ఫేట్ కైనేజ్’ చాలు.