ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్ జావా ఇంటర్వ్యూకి లీట్‌కోడ్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న:
ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్ ట్రేడింగ్ టీమ్‌లో జావా డెవలపర్ పోస్టుకి ఆన్‌లైన్ టెస్ట్ అయింది. ఇక కోడింగ్, జావా, డిజైన్ రౌండ్లున్నాయి. ఫైనాన్స్ అసలు తెలియదు. లీట్‌కోడ్ (కోడింగ్ ప్రాక్టీస్ సైట్) ఒక్కటే సరిపోతుందా? దేనిమీద ఎక్కువ టైమ్ పెట్టమంటారు?

జవాబు 1:
లీట్‌కోడ్‌లో మీడియం స్థాయివి తడబడకుండా వస్తే చాలండి, హార్డ్ వాటి వెంట పడకండి. అసలు వడపోత మల్టీథ్రెడింగ్ (ఒకే ప్రోగ్రామ్‌లో చాలా థ్రెడ్లు, అంటే పనుల వరుసలు, ఒకేసారి నడపడం) దగ్గర. షేరు వారీగా పొజిషన్లు (చేతిలో ఎన్ని షేర్లున్నాయన్న లెక్క) దాచే మ్యాప్ రాయమన్నారనుకోండి. కన్‌కరెంట్‌హ్యాష్‌మ్యాప్ (చాలా థ్రెడ్లు ఒకేసారి వాడినా చెడిపోని మ్యాప్) వాడాం కదా అన్న ధీమాతో గెట్ చేసి, కలిపి, మళ్లీ పుట్ చేస్తారు. విడివిడిగా రెండూ సేఫే, వాటి మధ్య సందులోనే చిక్కంతా. పొజిషన్ 500 ఉంది. ఒక థ్రెడ్ 100, ఇంకోటి 200 కలపాలి. రెండూ 500నే చదివితే చివరికి 600 గానీ 700 గానీ మిగులుతుంది. రావాల్సింది 800. ఆ మ్యాప్‌లోనే ఉన్న మెర్జ్ మెథడ్ వాడితే ఆ కీ మీద చదవడం, కలపడం, రాయడం ఒకే దెబ్బలో అయిపోతాయి. వేరియబుల్‌కి వోలటైల్ అన్న కీవర్డ్ పెడితే చాలదా అని గుచ్చి అడుగుతారు. చాలదు. అది తాజా విలువ కనబడేలా చేస్తుందే తప్ప ఆ మూడు పనుల్నీ ఒకటిగా కట్టదు.

జవాబు 2:
డిజైన్ రౌండ్‌కి ఆర్డర్ బుక్ (ఒక షేరుకి ఇంకా మ్యాచ్ కాని కొనుగోలు, అమ్మకం ఆర్డర్ల పట్టిక) గట్టిగా నేర్చుకోండి, ఫైనాన్స్ కూడా దాంతోనే సగం వచ్చేస్తుంది. కొనేవాళ్లలో ఎక్కువ ధర ఇచ్చేవారు ముందు, అమ్మేవాళ్లలో తక్కువ అడిగేవారు ముందు. ధర ఒకటే అయితే ముందొచ్చిన ఆర్డర్ ముందు.

చాలామంది ప్రయారిటీ క్యూ (ముందు రావాల్సినదాన్నే ఎప్పుడూ మొదట ఇచ్చే క్యూ) అనేస్తారు. మ్యాచింగ్‌కి బాగానే ఉంటుంది, క్యాన్సిల్ దగ్గర దొరికిపోతారు: మధ్యలో ఉన్న ఆర్డర్ తీయాలంటే క్యూ అంతా వెతకాలి. దానికి బదులు ధరకో లింక్డ్ లిస్ట్, ఆ ధరలన్నీ ట్రీమ్యాప్‌లో (కీలను వరుసలో ఉంచే మ్యాప్), ఆర్డర్ ఐడీ నుంచి నేరుగా నోడ్‌కి వెళ్లే హ్యాష్‌మ్యాప్ ఒకటి. లిస్ట్ మాత్రం సొంతంగా రాయాలి, జావా లింక్డ్‌లిస్ట్ తన నోడ్‌ని బయటికివ్వదు. లిస్ట్ ఖాళీ అయితే ఆ ధరని ట్రీమ్యాప్‌లోంచి తీసేయడం మర్చిపోవద్దు.

రాశాక ఒక కేసు నడిపి చూపండి. అమ్మకానికి 101 దగ్గర 50, 102 దగ్గర 100 ఉన్నాయి. 102 లిమిట్‌తో (అంతకు మించి ఇవ్వమని) 120 కొంటామని ఆర్డర్ వస్తే 101కి 50, 102కి 70 మ్యాచ్ అవుతాయి. 102 దగ్గర ఇంకా 30 ఉంటాయి.

జవాబు 3:
పై దానికే ఒక మాట. అందులో ధరని డబుల్‌లో (దశాంశాల టైప్) పెట్టారంటే పట్టుకుంటారు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. టిక్కుల (ధర మారగల కనీస మెట్టు) లెక్కలో లాంగ్ (పూర్ణాంకాల టైప్) వాడండి. బిగ్‌డెసిమల్ (దశాంశాల్ని కచ్చితంగా దాచే క్లాస్) అయితే స్ట్రింగ్‌తో కట్టండి, డబుల్ ఇస్తే ఆ తేడా లోపలికీ వస్తుంది. ఈక్వల్స్‌తో పోల్చకండి: దానికి 2.0, 2.00 వేర్వేరు. కంపేర్‌టు వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. మరి ఆర్డర్ బుక్‌కి లాక్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే రానిచ్చే తాళం) ఎక్కడ పెట్టాలి?

జవాబు 2:
వీలైతే పెట్టకండి. ఒక్కో షేరు బుక్‌ని ఒకే థ్రెడ్‌కి అప్పగించి, ఆర్డర్లన్నీ క్యూ ద్వారా దానికి పంపండి. ఎవరు ముందొచ్చారన్న వరుస కూడా ఆ క్యూలోనే తేలిపోతుంది.