సముద్రపు నాచుతో దోమ లార్వాలు చస్తాయా? సంపులో పోయొచ్చా?

ఉప్పుగాలి:
అందరికీ నమస్కారం. మాది భీమిలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూల్లో సైన్స్ ఫెయిర్ ఉంది. సముద్రపు నాచు రసం పోస్తే దోమల లార్వాలు చస్తాయని ఎక్కడో చదివింది, అప్పట్నుంచీ ఇంట్లో ఇదే గోల. ఇక్కడ రాళ్ల మీద నాచుకి కరువేముంది, ఆటు సమయానికి బకెట్టు పట్టుకెళ్తే చాలు. ఇప్పుడు మావారికి కూడా ఉత్సాహం వచ్చేసి, నాచు బాగా ఉడకబెట్టి వడకట్టి ఆ నీళ్లు మన సంపులోనే పోసేద్దాం, మందులెందుకు అంటున్నారు. సంపు వెయ్యి లీటర్లు, వాడకం నీళ్లే, తాగడానికి కాదు. పక్కింట్లో డెంగీ వచ్చినప్పట్నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది, మందు వేయిద్దామంటే పిల్లలు స్నానం చేసే నీళ్లు కదా అని భయం. ఇది నిజంగా పనిచేస్తుందా, ఎవరైనా వాడారా?

గవ్వలచెట్టు:
ముందు సంపు సంగతి. ఉడకబెట్టిన నాచు నీళ్లు అందులో పోయకండి. లార్వాలు చావడం అటుంచండి, దోమలు పెరిగే అవకాశమే ఎక్కువ. లార్వాలు తినేది నీళ్లలోని బ్యాక్టీరియా, సన్నటి పాచి, కుళ్లిన ఆకుల తుక్కు. మీరు నాచు కషాయం పోస్తే రెండు మూడు రోజుల్లో అది పులిసి వాటికి మేత తయారవుతుంది. అంతేకాదు, గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కునే ఆడదోమ వాసన పట్టి వస్తుంది. దోమల మీద పరిశోధన చేసేవాళ్లు గుడ్లు పట్టే డబ్బాల్లో మామూలు నీళ్లకు బదులు గడ్డి నానబెట్టి పులియబెట్టిన నీళ్లు పోసేది అందుకే.

ఇక మీ అమ్మాయి చదివింది అబద్ధమేమీ కాదు. నాచు రాయిని పట్టుకుని ఉండాల్సిందే, చేప వచ్చినా నత్త వచ్చినా పారిపోలేదు, అందుకని చాలా జాతులు తమను మేయకుండా చేదు, విష పదార్థాలు తయారుచేసుకుంటాయి. ఎర్ర నాచుల్లో లారెన్షియా అని ఒకటుంది, దాంట్లో ఎలటాల్ అనే పదార్థం డెంగీ దోమ లార్వాల్ని చంపుతుందని బ్రెజిల్‌లో ప్రయోగాలు జరిగాయి. మన దేశంలో తమిళనాడు తీరంలో ఈ పని పాతదే, పరంగిపేట సముద్ర జీవశాస్త్ర కేంద్రం వాళ్లు 1990ల మొదట్లోనే నాచు సారాల్ని లార్వాల మీద పరీక్షించారు. కాలెర్పా, డిక్టియోటా, సర్గాసమ్ లాంటి పేర్లు ఈ పరిశోధనల్లో తరచూ కనిపిస్తాయి. మన విశాఖ తీరంలో రాళ్లమీద కాలెర్పా, సర్గాసమ్, అల్వా మూడూ ఉన్నాయి, ఆంధ్రా యూనివర్సిటీ బాటనీ వాళ్లు 1960ల నుంచీ వీటిని చదువుతున్నారు.

కానీ లార్వాల మీద పరీక్షలు చేసినవాళ్లు నాచుని ఉడకబెట్టలేదు. నీడన ఎండబెట్టి, పొడి చేసి, మిథనాల్, ఎసిటోన్, హెక్సేన్ లాంటి వాటిలో నానబెట్టి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేసి మిగిలిన జిగురు సారాన్ని వాడారు. లార్వాల్ని చంపే పదార్థాలు చాలావరకు నూనె స్వభావం ఉన్నవి, వేడి నీళ్లలోకి పెద్దగా దిగవు. నీళ్లలోకి దిగేది ఉప్పు, పిండి పదార్థాలు, జిగురు. అంటే మీవారి పద్ధతిలో విషం నాచు పిప్పిలోనే ఉండిపోతుంది, మేత సంపులోకి వెళ్తుంది.

పోనీ అసలు సారమే తీశారనుకోండి, లెక్క చూడండి. యాభై పీపీఎం దగ్గర సగం లార్వాలు చచ్చాయని ఎవరో రాశారనుకుందాం. పీపీఎం అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము, కాబట్టి మీ వెయ్యి లీటర్లకి యాభై గ్రాముల సారం కావాలి. పొడిలోంచి నూటికి ఐదు వంతుల సారం వచ్చినా కిలో ఎండు పొడి పడుతుంది, పచ్చి నాచులో ఎక్కువ భాగం నీరే గనుక అది ఎనిమిది పది కిలోలు. దానికి లీటర్లకొద్దీ ద్రావకం. ఇంతా చేస్తే చచ్చేవి సగం! మిగతా సగం దోమలై ఎగిరిపోతాయి, మీరు వారం తిరక్కుండానే నీళ్లు మారుస్తారు, మళ్లీ మొదలు. ఒకే జాతి నాచులో కూడా ఈ పదార్థాలు రుతువుని బట్టి, తీరాన్ని బట్టి మారుతుంటాయి, పోయినసారి పనిచేసిన మోతాదు ఈసారి పనిచేయకపోవచ్చు. పేపర్లో చదివినదానికీ సంపులో పోసేదానికీ మధ్య ఇంత దూరం ఉంది.

గోదారి రైతు:
సార్ ఒక డౌటు. మేము వరికి నాచు గుళికలు వేస్తాం, పిలకలు బాగా వస్తాయని పైన నాచు ద్రావణం కూడా కొడతాం. డబ్బాలో అడుగున మిగిలింది మురిక్కాలవలో పోస్తే దోమలు తగ్గుతాయని మా ఊళ్లో ఒకాయన గట్టిగా చెప్తున్నాడు. అది కూడా సముద్రపు నాచే కదా?

గవ్వలచెట్టు:
నాచే అన్నా, కానీ అది వేరే పని కోసం తీసిన సారం. అలాంటివి ఎక్కువగా చల్లని సముద్రాల్లో దొరికే ఆస్కోఫిల్లమ్ అనే నాచు నుంచి, ఇక్కడైతే కప్పాఫైకస్, సర్గాసమ్ నుంచి చేస్తారు, మొక్క పెరగడానికి పనికొచ్చేవి అందులో దిగేలా చూస్తారు. కాలవలో పోస్తే మురుగుకి ఇంకాస్త బలం చేకూరుతుంది, అంతే. పొలానికే వాడుకోండి.

పాత మలేరియా ఉద్యోగి:
అమ్మా, నేను మలేరియా విభాగంలో చేసి రిటైరైనవాణ్ణి. నాచు గురించి ఆయన చెప్పినంత నాకు తెలియదు గానీ సంపు గురించి తెలుసు. మీ పక్కింట్లో వచ్చింది డెంగీ అంటున్నారు, ఆ దోమ మురుగులో కాదు, మీ సంపు లాంటి మంచి నీళ్లలోనే పెరుగుతుంది. పగలు కుడుతుంది, పెద్ద దూరం ఎగరదు, కాబట్టి మీ ఇంటి దోమ చాలావరకు మీ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టిందే. గుడ్డు నుంచి దోమ అవడానికి మన ఎండలకి వారం పది రోజులు చాలు. ఫ్రైడే డ్రై డే అని ఇంటింటికీ తిరిగి చెప్పింది ఆ లెక్క మీదే, వారానికొకసారి ఖాళీ చేస్తే దోమ అయ్యేలోపే పోతుంది. అయితే ఊరికే నీళ్లు తోడేస్తే సరిపోదు. ఈ డెంగీ దోమ, ఏడిస్ అంటారు, దాని గుడ్లు నీళ్లలో తేలవు, నీటి అంచుకి కాస్త పైన గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు నింపగానే పగులుతాయి. అందుకని బ్రష్షుతో గోడ గట్టిగా రుద్దాలి. ఇది చెప్తే ఎవరూ వినరు, మందు వెయ్యండి అంటారు. మూతకి సందు లేకుండా చూడండి, ఓవర్‌ఫ్లో గొట్టానికి దోమ దూరని సన్న జాలీ కట్టండి. పడేసిన కొబ్బరి చిప్పలు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం, ఇవీ చూడండి.

మందు భయం ఉందన్నారు. టెమీఫాస్, అదే మేము అబేట్ అనేవాళ్లం, తాగే నీళ్లలో కూడా లీటరుకి ఒక మిల్లీగ్రాము మించకుండా వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న మందు. మీ సంపుకి అసలు మందు ఒక్క గ్రాము. అయితే చాలాచోట్ల దోమలు దానికి అలవాటు పడుతున్నాయి, అదో తలనొప్పి. అదీ వద్దనుకుంటే బీటీఐ ఉంది, 1976లో ఇజ్రాయెల్ ఎడారి మట్టిలో దొరికిన బ్యాక్టీరియా, లార్వా తింటే దాని పేగులో విషం విడుదలవుతుంది, మనకీ చేపలకీ ఏమీ కాదు. సహజమైనదే కావాలంటే పరీక్షలన్నీ దాటి వచ్చింది అది. ఏది వేసినా కొలత మీరు వెయ్యకండి, మీ వార్డు ఆరోగ్య సిబ్బందిని అడగండి. లార్వాల్ని తినే గంబూసియా చేపలు బావులకీ గుంటలకీ బాగుంటాయి, మూసి ఉంచే సంపుకి కాదు.

టెకీ_వైజాగ్:
నాచుతో వెండి నానో కణాలు చేస్తే చాలా తక్కువ మోతాదుకే చస్తాయని బోలెడు పేపర్లున్నాయి బ్రో. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

గవ్వలచెట్టు:
ఉన్నాయి తమ్ముడూ, తక్కువ మోతాదులో చస్తాయన్నది కూడా నిజమే. కానీ వెండి తనంతట తనే నీటి జీవాలకి విషం, అక్కడ చంపింది నాచా వెండా అన్నది తేలాలి, ఆ వెండి తర్వాత ఎక్కడికి పోతుందన్నదీ తేలాలి. ఇంట్లో వాడే నీళ్లలో అది వద్దనే అంటాను.

ఉప్పుగాలి:
చాలా థ్యాంక్సండీ అందరికీ. సంపు రుద్దే పని మావారికి అప్పగించాను, కాస్త మొహం మాడింది. మరి పాప ప్రాజెక్టు మానిపించాలా? బాగా ఆశపడింది. పనిచేయదని తేలితే మార్కులు రావేమో అని ఒకటే దిగులు.

గవ్వలచెట్టు:
మానిపించకండి! పనిచేయదని సరిగ్గా చూపించినా అది మంచి ప్రాజెక్టే, జడ్జికి సైన్స్ తెలిసుంటే ఇంకా మెచ్చుకుంటారు. మిథనాల్ మాత్రం ఇంట్లోకి రానివ్వకండి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ చాలు, అదీ టీచరు పక్కన ఉండగా, పొయ్యికి దూరంగా. నాచు ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్లింది కాకుండా తాజాది గుప్పెడు చాలు, రాళ్లు గీకి బకెట్లు నింపొద్దు, చేపపిల్లలు దాక్కునేది అక్కడే.

అసలు జాగ్రత్త పోలికలో ఉంది. గ్లాసుకి పాతిక లార్వాలు, బాగా ఎదిగినవి, ఒక రోజు తర్వాత ఎన్ని చచ్చాయో లెక్క, ప్రయోగశాలల్లోనూ ఇంతే. ఉండచుట్టుకుని తేలే ప్యూపాల్ని, అంటే దోమ అవడానికి ముందు దశలో ఉన్నవాటిని, ఏరేయాలి, అవి తినవు కాబట్టి లెక్క చెడుతుంది. ఒక గ్లాసులో ఉత్త నీళ్లు. ఇంకోదాంట్లో నాచు లేకుండా అంతే స్పిరిట్ ఆరబెట్టి కలిపిన నీళ్లు, ఎందుకంటే స్పిరిట్ ఆరకుండా మిగిలితే అదే చంపుతుంది. మరోదాంట్లో చిటికెడు ఉప్పు, నాచు మంచినీళ్లతో సరిగ్గా కడక్కపోతే సముద్రపు ఉప్పుకే లార్వాలు చచ్చి పిల్లలు నాచు గొప్పదనుకుంటారు. వీలైతే నాలుగోది కూడా పెట్టించండి, ఒక చుక్క వంటనూనె వేసి. లార్వా తోక గొట్టంతో పైకొచ్చి గాలి పీలుస్తుంది, నూనె పొర కట్టినా ఊపిరాడక చస్తుంది, మీ సారం కూడా జిడ్డుగానే ఉంటుంది కదా, విషానికి చచ్చాయా పొరకి చచ్చాయా అన్నది అప్పుడు తెలుస్తుంది. ఉత్త నీళ్ల గ్లాసులో ఐదో వంతు కంటే ఎక్కువ చస్తే ఆ రోజు లెక్క మొత్తం పారేసి మళ్లీ చెయ్యాలి.

మీవారి కషాయాన్ని కూడా ఒక గ్లాసులో పెట్టించండి, పాపకి అన్నిటికంటే అదే నచ్చుతుందేమో.

పాత మలేరియా ఉద్యోగి:
గ్లాసులన్నిటికీ దోమతెర గుడ్డ వేసి రబ్బరు బ్యాండు బిగించమ్మా, డెంగీ వచ్చిన వీధిలో దోమల్ని పెంచుతున్నారు మీరు. అయిపోయాక సింకులో ఒంపొద్దు, మరిగే నీళ్లు పోసి చంపి మట్టిలో పారబొయ్యండి.